పదకొండు చెలమలు

మా ఆయన మట్టిని వాసన చూసి నీళ్లెక్కడున్నాయో చెప్పగలడని మా వైపు పేరు. నేను నమ్మేదాన్ని కాదు గానీ, కాదనేదాన్నీ కాదు. ఆ పేరు మీదే కదా ఇరవై ఏళ్లు మా పొయ్యి వెలిగింది. ఆయన బావుల మేస్త్రీ. రాతి నేలలో ఎనభై అడుగులు, తొంభై అడుగులు దిగిన మనిషి. ఎంత లోతుకు పోతే అంత చల్లటి నీళ్లు, అంత తియ్యటి నీళ్లు అనేది ఆయన నమ్మకం. ఆ నేలలో అది నిజం కూడా.

తరవాత బోరు లారీలు వచ్చాయి. ఆయన రెండు నెలలు చేసే పనిని అవి ఒక్క పూటలో చేసి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయేవి. అప్పటికి మేం బావగారి ఇంట్లో మేడ మీద ఒంటి గదిలో ఉన్నాం. మా తోడికోడలు మంచిదే, అబద్ధం ఎందుకాడాలి. కానీ ఆమె తలుపు వేసే చప్పుడులో కూడా నాకేదో మాట వినపడేది. పని లేని మొగుణ్ణి పెట్టుకుని పరాయి మెట్లు ఎక్కి దిగడం ఎలా ఉంటుందో ఎక్కి దిగినవాళ్లకే తెలుస్తుంది. సముద్రం దగ్గర ఇల్లు చవగ్గా వస్తుందని తెలిసిన రోజు, ఉన్నదంతా ఊడ్చి కొనేద్దామని ఒంటికాలి మీద నిలబడింది నేనే. కూరగాయల నారు పెంచి చుట్టుపక్కల రైతులకు అమ్ముకుందాం, ఎవరి మాటా పడకుండా మన గుమ్మంలో మనం బతుకుదాం అన్నాను.

ఇసుక వీధి. మాతో కలిపి పదకొండు ఇళ్లు. మాది చివరిది, రెండు గదులు, రేకుల కప్పు, వెనక మడి వేసుకోవడానికి చాలినంత జాగా. మూడు వారాల్లో తలుపు గడియ తుప్పు పట్టింది. సీసాలో ఉప్పు ముద్దైపోయింది. ఆరేసిన బట్టలు ఎన్ని గంటలున్నా తడి తడిగానే ఉండేవి. ఇవన్నీ నేను నవ్వుతూనే పడ్డాను. గుమ్మం నాది, గడియ నాది, తుప్పు కూడా నాదే అనుకున్నాను.

నీళ్లకి ప్రతి ఇంటి ముందూ ఒక చెలమ ఉంది. ఇసుకలో మనిషి నడుము లోతు గుంట, చుట్టూ చెక్కలు, పైన మూత. మాకు దాని సంగతి చెప్పింది ఎదురింటావిడ. వలలు బాగు చేసే ముసలామె కాబట్టి అందరూ ఆమెను వలలమ్మ అనేవాళ్లు. నేను పెద్దమ్మా అనేదాన్ని.

"పొద్దున నాలుగు బకెట్లు, సాయంత్రం రెండు. చెంబుతో పైపైన తోడుకోవాలి అమ్మాయ్. అడుగు కదపొద్దు," అంది.

"కదిపితే ఏమవుతుంది పెద్దమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవరూ కదపరు," అంది.

మా ఆయన ఆ గుంటలోకి తొంగిచూసి, "పిల్లికి పాలు పోసే గిన్నెలా ఉందే," అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. బావుల మేస్త్రీకి నీళ్ల పాఠం చెప్పడానికి వల అల్లే ముసలమ్మ వచ్చిందని అప్పుడు మాకు తమాషాగా ఉండేది.

మొదటి పంట నారు బాగా వచ్చింది. వంగ, మిరప, టమాటా. ఎండలు ముదిరాక ఆరు బకెట్లు ఎటూ చాల్లేదు. మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాల్చేసేవి. అప్పుడు నేను ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఈ తప్పంతా ఆయన మీదికి తోసేయొచ్చు, చాలాసార్లు తోసేశాను కూడా. కానీ నోరు జారింది నేనే.

"ఊరందరికీ బావులు తవ్విచ్చారు. కట్టుకున్నదానికి మాత్రం చెంబుతో తోడుకునే గుంట," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన పలుగుకీ పారకీ నూనె రాసి తుడుచుకుంటున్నాడు. రెండేళ్ల తరవాత ఆయన ముఖంలో కళ చూశాను. వెనక మడి పక్కన ఎనిమిది రోజులు తవ్వాడు. ఇసుక జారకుండా సిమెంటు రింగులు దించుకుంటూ పోయాడు. పన్నెండో అడుగు దగ్గర వలలమ్మ వచ్చి ఒడ్డున నిలబడింది.

"చాలు మేస్త్రీ. చాలు," అంది.

"ఇంకో పది అడుగులు పోనివ్వు పెద్దమ్మా. వీధి మొత్తానికి సరిపోయే నీళ్లిస్తాను," అని కిందనించి అరిచాడు.

ఇరవై రెండు అడుగుల దగ్గర ఆపాడు. మోటారు పెట్టాం. పైపులోంచి నీళ్లు ఎగిరిపడుతుంటే పక్కిళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి నవ్వారు. మేం ఎవరినీ వద్దనలేదు, పైపు వీధిలోకి లాగాం, ఎవరి బకెట్లు వాళ్లు నింపుకున్నారు. వలలమ్మ మాత్రం తన చెలమ దగ్గరే చెంబుతో తోడుకునేది. ముసలితనం, కొత్తది మింగుడుపడదు అనుకున్నాను. ఆ నెల రోజులూ మా నారు జానెడెత్తు లేచింది, మా ఆయన వీధిలో ఛాతీ విరుచుకుని నడిచాడు. నా పెళ్లయ్యాక నేను సుఖంగా ఉన్నానంటే ఆ నెలే.

ఒకరోజు నీళ్లు కలిపి పాలు కాస్తే విరిగిపోయాయి. పాలవాడితో పోట్లాడాను. మర్నాడూ విరిగాయి. ఇంకో రకం పాలు తెప్పించాను, అవీ విరిగాయి. టీ నోట్లో పెట్టుకుంటే ఏదో తేడా. ఆ వారంలోనే నారు ఆకుల అంచులు కాల్చినట్టు గోధుమరంగుకి తిరిగాయి. తెగులు అనుకుని మందు కొట్టాను. మా ఆయన మాత్రం బావి దగ్గరికి వెళ్లి దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేశాడు. రెండు రోజుల దాకా నాకు చెప్పలేదు. మూడో రోజు నేనే అడిగితే, "ఉప్పు," అన్నాడు, ఆ ఒక్క మాటే.

మా చెలమ పోయింది. పక్కింటిది పోయింది. వారం తిరిగేసరికి అయిదో ఇంటిది. నెలాఖరుకి పదకొండు చెలమలూ ఉప్పయ్యాయి. ఆఖర్న పోయింది వలలమ్మది. తన చెంబుడు నీళ్లు తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. తాగి చూడమనలేదు, అలా పెట్టి నిలబడింది.

"ఇక్కడ ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు మీగడలా తేలుతుంటాయి. మీగడ తీసుకుంటాం, అంతే. నువ్వు గిన్నె అడుగుదాకా గరిటె పెట్టి తిప్పేశావు మేస్త్రీ," అంది.

నాకు తిక్కరేగింది. "ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చు కదా," అన్నాను.

"చాలన్నాను కదమ్మాయ్."

"ఎందుకో చెప్పలేదు కదా."

"మాకూ ఎందుకో ఎవరూ చెప్పలేదు. వద్దంటే మానేశాం," అంది.

మా ఆయన మెల్లగా అడిగాడు. "మళ్లీ ఎన్నాళ్లకి తియ్యనవుతాయి పెద్దమ్మా?"

"నా ఆరో ఏట ఉప్పెన వచ్చి చెలమలు ఇలాగే పాడైపోయాయి. మళ్లీ ఆ నీళ్లు తాగేసరికి నాకు పెళ్లయి కడుపుతో ఉన్నాను."

మోటారు పీకేశాడు. బావిని పూడ్చేశాడు. తవ్వడానికి ఎనిమిది రోజులు, పూడ్చడానికి పదకొండు. ఇసుకే కదా, ఒక్క రోజులో నెట్టేయొచ్చు. కానీ తట్ట తట్టగా తెచ్చి పోశాడు, తట్ట తట్టకీ కాసేపు నిలబడ్డాడు. తవ్విన బావిని తన చేత్తో పూడ్చుకున్న మేస్త్రీ మా వైపు ఒక్కడూ లేడు. నారంతా ఎండి పీచైంది. నేను పీకి ఒక మూల పోశాను.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ట్యాంకర్ వస్తోంది. పొద్దున్నే వీధి మొదట్లో బకెట్లు వరసగా పెడతారు. ఏడు పదులు దాటిన వలలమ్మ నిండు బకెట్టు మోయలేక సగం సగం పట్టుకుని నాలుగుసార్లు తిరుగుతుంది. నేను సాయం పోతే బకెట్టు కింద పెట్టి నిలబడిపోతుంది. నేను వెళ్లాక మళ్లీ ఎత్తుకుంటుంది. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టేదాన్ని, అందరమూ ఏడ్చి ఊరుకునేవాళ్లం. వాళ్లు వరసలో మాకు చోటు ఇస్తారు, మేం నీళ్లు పట్టుకునేదాకా మాట్లాడుకోవడం ఆపేస్తారు. మా ఆయన నీళ్లు తాగేటప్పుడు కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు. ఒళ్లు సగమైపోయింది. ఈ మనిషి ఇక్కడే ఉంటే నాకు దక్కడని భయం పట్టుకుంది. ఇల్లు అమ్మేసి ఎక్కడికైనా పోదాం అన్నాను. మళ్లీ ఆ మేడ మీద గదికైనా సరే, మళ్లీ ఆ మెట్లయినా సరే. ఆయన సరేనని తల ఊపాడు.

నాలుగు నెలలకి ఒక బేరం తగిలింది. బస్సు నడిపి మానేసినాయన, ఆయన భార్య. వాళ్లూ మాలాగే సముద్రం ఎరగని ఊళ్లవాళ్లే. ట్యాంకర్ లేని రోజు చూసి రమ్మని కబురు చేశాను. వాళ్లు ఒక రోజు ముందే, సరిగ్గా ట్యాంకర్ వచ్చే పొద్దున దిగారు. వీధి మొదట్లో బకెట్లు బారుగా ఉన్నాయి, ఆటోలోంచి వాళ్లు చూసే ఉంటారు. అయినా లోపలికి తీసుకొచ్చి, కిందటి ట్యాంకర్లో పట్టి దాచిన నీళ్లే గ్లాసుల్లో పోసిచ్చాను.

ఆమె నా వయసుదే. గదులన్నీ తిరిగింది, తలుపు గడియ వేసి తీసి చూసింది. ఎవరింట్లోనో చాలాకాలం సర్దుకుని బతికిన మనిషి అలా చూస్తుంది, నాకు తెలుసు. గ్లాసు ఖాళీ చేసి, "నీళ్లు బాగున్నాయక్కా. ఇక్కడివేనా?" అంది.

అవునంటే చాలు. మూడక్షరాల పని. నోరు తెరిచాను.

"బంగారంలాంటి నీళ్లమ్మా," అన్న మాట గుమ్మంలోంచి వచ్చింది. వలలమ్మ. నాలుగు నెలలుగా మా గడప తొక్కని మనిషి. "ముందున్న చెలమే. ఎండాకాలం కూడా కొరత ఉండదు. నేను డెబ్భై ఏళ్లుగా తాగుతున్నాను," అంది, నా వైపు చూడకుండా.

నాకు కళ్లు చెమర్చాయి. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అప్పుడు నేననుకున్నది ఇదీ: క్షమించేసింది, మేం గట్టెక్కాలని నా కోసం అబద్ధమాడుతోంది. దండం పెడదామని బయటికి వచ్చాను.

వీధి మొదట్లో బకెట్లు లేవు. ఒక్కటి కూడా లేదు. ప్రతి ఇంటి గుమ్మంలోనూ మనుషులు నిలబడి మా ఇంటివైపే చూస్తున్నారు. మాతో నాలుగు నెలలుగా ఒక్క ముక్క మాట్లాడని వీధి, ఈ పావుగంటలో మాట్లాడుకుని బకెట్లన్నీ లోపల దాచేసింది. ట్యాంకర్ని పెద్ద రోడ్డు మీదే ఆపించారని తరవాత తెలిసింది. అంతమందీ ఒక పూట నీళ్లు వదులుకున్నది మా కోసం కాదని అప్పటికి నా మొద్దుబుర్రకి ఎక్కింది.

వెనక ఇంట్లోంచి మా ఆయన గొంతు వినపడింది. "ఉప్పు నీళ్లమ్మా. పదకొండు ఇళ్లవీ నేనే చెడగొట్టాను. మీరు తాగినవి ట్యాంకర్‌వి."

ఆపుదామని వెనక్కి పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది. నీళ్ల గురించి అబద్ధం చెవిన పడితే ఆ మనిషి ఊరుకోడని కట్టుకున్నదాన్ని నేనే మర్చిపోయాను. వచ్చినామె గ్లాసు కిందపెట్టి మొగుడి వైపు చూసింది. ఇద్దరూ ఏదో మర్యాద మాట అనేసి ఆటో ఎక్కారు. ఆటో మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. తరవాత ఒక్కొక్కరే లోపలికి వెళ్లి తలుపులు వేసుకున్నారు.

వలలమ్మ ఇంకా మా గుమ్మంలోనే ఉంది.

"అంతమందిమి నోరు మూసుకున్నాం మేస్త్రీ. నువ్వొక్కడివీ ఊరుకోలేకపోయావా?" అంది.

"పాపం, వాళ్లు కూడా..." అని ఆయన ఏదో చెప్పబోయాడు.

"వాళ్లెవరో నాకేం తెలుసు," అంది ఆమె. తరవాత నా వైపు తిరిగింది. గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. "నీళ్లు ఎలాగూ నేను బతికుండగా రావు అమ్మాయ్. మీరైనా కళ్లెదుట లేకుండా పోతే, రోజూ పొద్దున్నే ఆ సంగతి గుర్తురాకుండా ఉంటుందనుకున్నాను."

ఆమె నడిచి వెళ్లి తన తలుపు మెల్లగా వేసుకుంది. మా ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఇక ఎవరొచ్చినా ఈయన ఇదే చెబుతాడు. చెప్పొద్దని నేనూ అనలేను. ఈ ఇల్లు ఎవరూ కొనరు. నేను ఆయన పక్కన కూచున్నాను. ఎదురుగా ఆమె తలుపు.