చేపలకి కిలోమీటరే

కాగితం మీద దూరం తొమ్మిది వందల మీటర్లు. కిలోమీటరు లోపే హైస్కూలుంది గనక మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు సోమవారం నుంచి అక్కడికే పోవాలి. కొల్లేరు ఒడ్డున ఉన్న ఆ ఊరి బడికి ఈ మాట చెప్పడానికి మండల విద్యాధికారి భీమశంకరం గారు బండి మీద వచ్చారు.

తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ సత్యవేణి చదివింది అయిదో తరగతి. ఆర్డరు మాత్రం మూడుసార్లు చదివింది.

"ఈ దూరం ఎవరు కొలిచారండీ?"

"ఫోన్లో మ్యాపుంటుందమ్మా. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క."

"మధ్యలో రెండు చేపల చెరువులున్నాయి కదండీ. చేపలకైతే కిలోమీటరే. మా పిల్లలకి ఈత రాదు."

బడికున్న ఒకే ఒక్క టీచరు కామేశ్వరి నవ్వాపుకోలేక బోర్డు తుడవడం మొదలుపెట్టింది.

"నా చేతిలో ఏం లేదమ్మా."

"చేతిలో లేకపోతే పోనీండి, కాళ్ళున్నాయి కదా. రండి, నడుద్దాం."

ఆయన బండి తాళం తీశారు.

"పిల్లలకి బండి లేదండీ," అంది సత్యవేణి. వచ్చిన అధికారులు రాసే బడి విజిట్ రిజిస్టరు సంచిలో వేసుకుని, మూడో తరగతి ఇందుజ చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

రాత్రి వాన పడింది. గట్టు మీద నల్లమట్టి ఆయన చెప్పుల్ని పీక్కుంది. చేపల మేత లారీ ఎదురొస్తే ముగ్గురూ చెరువు అంచున బిగుసుకుని నిలబడ్డారు. చక్రం జానెడు దూరంలో పోయింది. ఆయన ఇందుజను గబుక్కున వెనక్కి లాక్కున్నారు. ఆ తర్వాత దారంతా ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసే నడిచారు.

హైస్కూలు గేటు దగ్గర ఆయన ఫోను మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు చూపించింది. యాభై అయిదు నిమిషాలు.

"మళ్ళా వెనక్కి కూడా నడవాలాండీ?" ఇందుజ ఆయన్నే అడిగింది.

సత్యవేణి రిజిస్టరు తీసి పెన్నిచ్చింది.

"పైవాళ్ళు ఏమంటారో..."

"మీరు నడిచింది రాయడానికి పైవాళ్ళని అడగాలాండీ?"

ఆయన చెడ్డవాడేం కాదు. భయస్థుడు. మన బడులకి చేటు ఎక్కువగా ఇలాంటి మంచివాళ్ళ వల్లే. కానీ ఆయన చెయ్యింకా ఇందుజ భుజం మీదే ఉంది. అది తీసి, రిజిస్టరు గోడకి ఆనించి రాశారు: నడక దారి 3.2 కిలోమీటర్లు. లారీలు తిరిగే చెరువు గట్టు. చిన్నపిల్లలకు ప్రమాదం. మళ్ళీ నిర్ణయించేదాకా తరగతులు ఊళ్ళోనే జరపాలి. సంతకం.

"వాళ్ళు ఒప్పుకోకపోతే?" అన్నారు.

"వాళ్ళనీ నడిపిద్దామండీ."

సోమవారం మూడు తరగతులూ ఊరి బళ్ళోనే జరిగాయి. మంగళవారం సత్యవేణి, రెండో టీచరు కావాలన్న అర్జీతో ఏలూరు బస్సెక్కింది.