కిష్టమ్మ గిన్నె

మా ఆయన జ్ఞానప్రకాశం గారు మణికొండలో చరిత్ర మాస్టారు. "పెద్ద దేశాలు ముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేదే కాదు" అని సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలకు ఏటా చెబుతారు. చెప్పడానికేం! తెలంగాణ ప్రకటన వస్తుందన్న సాయంత్రం, కింది వాటాలో ఇంటి ఓనరు బాలనర్సయ్య గారు టీవీ సౌండు పెంచారు. పైన మా గుంటూరు మాస్టారు ఇంకా పెంచారు. నాకు ఒళ్ళు మండింది.

అంతలో ఓనరు గారి భార్య కిష్టమ్మ, వేడివేడి సర్వపిండి రొట్టెలు గిన్నెలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"మొగోళ్ళు ఇయ్యాల లొల్లి పెట్టుకునేటట్టున్నరు సుగుణా. లొల్లి అయినంక వస్తే ఏం ఫాయిదా? గందుకే ముందుగాల్నే వచ్చిన."

ఒకరిచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. నిండా గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చాను.

ప్రకటన వచ్చింది. కింద నుంచి బాలనర్సయ్య గారి కేక వినిపించింది.

"సారూ! గోంగూర మస్తుగుంది. కొట్లాట రేపు పెట్టుకుందమా?"

మా ఆయన జవాబు చెప్పలేకపోయారు. నోటి నిండా సర్వపిండి ఉంది.