ఫారంలో లేని ప్రశ్న

నడుం నొప్పితో డ్రిల్లు టీచరమ్మ క్లినిక్కి రావడం ఇది తొమ్మిదోసారి. నేర్పిన వ్యాయామాలన్నీ బుద్ధిగా చేస్తుంది, గెంతమంటే మాత్రం మొండికేస్తుంది. చెప్పీ చెప్పీ ఫిజియోథెరపిస్టుకి నోరు నొప్పెట్టింది.

"పిల్లల్ని రోజంతా గెంతిస్తారు, మీరు గెంతరా? నన్నేం చెయ్యమంటారు, తల గోడకేసి కొట్టుకోనా?"

టీచరమ్మ గొంతు తగ్గించింది. "గెంతితే బట్టలు తడుస్తాయమ్మా. తుమ్మినా అంతే. రెండో కాన్పు నుంచీ ఇదే బాధ."

"రామ రామ! తొమ్మిదిసార్లొచ్చారు, ఒక్కసారైనా చెప్పొద్దూ! మూత్రాన్ని ఆపే కండరాలు వదులైతే నడుముకీ ఆసరా తగ్గుతుంది. ముందు వాటి పని పట్టాలి."

"మొదటిరోజు నువ్వు నింపించిన ఫారంలో ముప్పై ప్రశ్నలున్నాయి. చెప్పుల సైజు కూడా అడిగావు. ఇదెక్కడ అడిగావు?"

ఫిజియోథెరపిస్టు ఫారం తీసి పైనుంచి కిందిదాకా చూసింది. ఆ ఫారం తయారుచేసింది తనే.

"అది సరే, ఆ గెంతుడేదో నువ్వోసారి చేసి చూపించు. ఎప్పుడూ గోడ మీది బొమ్మే చూపిస్తావు."

ఇద్దరు పిల్లల్ని కన్న ఫిజియోథెరపిస్టు బొమ్మ వంక చూసింది. తర్వాత బాత్రూం తలుపు వంక చూసింది.

"ఒక్క నిమిషం ఆగండి. ముందు అటెళ్ళొస్తాను."