వంతెన కింద మూడో ఇల్లు

చెక్కకు ఇరవై మేకులు. సగం తుప్పు పట్టినవి, సగం సిమెంటులో కూరుకుపోయినవి. ఊడదీసిన సెంట్రింగ్ చెక్కలు ఆరో అంతస్తు నుంచి దిగుతూనే ఉన్నాయి. నకావ్, ఆమె తల్లి తిపుస్ పొద్దున ఏడింటి నుంచి వాటి మేకులు పీకుతూనే ఉన్నారు. తైపే ఎండ రేకుల గోడ మీద పడి మొహాన కొడుతోంది. రోజుకు పదహారు వందల తైవాన్ డాలర్లు. అదే పని మగవాడు చేస్తే రెండు వేల రెండు వందలు. ఎందుకని అడిగితే మేస్త్రీ నవ్వి ఊరుకుంటాడు.

తిపుస్‌కు అరవై నాలుగేళ్లు. కుడి మణికట్టు వాచిపోయి గుడ్డ చుట్టుకుంది. నకావ్‌కు ముప్పై ఆరు. ఆమె మణికట్టు కూడా ఈ మధ్య తెల్లారేసరికి పట్టేస్తోంది.

పదకొండున్నరకు లియావ్ మేడం ఫోన్ చేసింది. ఆదివాసీ నటులకూ దర్శకులకూ నిధులిచ్చే సంస్థ ఒకటి, చివరి వడపోతలో మిగిలిన ఆరుగురికీ తలా ఒక సలహాదారును పెట్టింది. నకావ్ వాటాకు ఈవిడ వచ్చింది. ఎంపికైతే ఏడాదిన్నరపాటు నెలకు ముప్పై వేలు, చేతికొక కెమెరా, పెద్ద దర్శకుల దగ్గర శిక్షణ. ఇక మేకుల మొహం చూడక్కర్లేదు.

"వీడియో చూశానమ్మా నకావ్. సముద్రం, ఎర్ర బట్టల్లో మీ అమ్మ, చాలా బాగుంది. ఒక్క ఆ సబ్‌టైటిల్సే మార్చాలి. సాయంత్రం అయిదింటికి గడువు, మర్చిపోకు."

"అమ్మ అన్న మాటలే వేశాను మేడం."

"అందుకే చెప్తున్నా. కమిటీలో మీ అమిస్ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. 'పెద్దలారా, పంటలు బాగా పండేలా దీవించండి' అని పెట్టేయ్. నీ మంచికే కదా."

మంచికే చెప్పింది పాపం. చెడ్డ మనిషైతే కాదనడం ఇంత కష్టమయ్యేది కాదు.

దరఖాస్తులో స్వగ్రామం అని ఒక గడి ఉంది. నకావ్ పుట్టింది నగరం అంచున, ఏటి ఒడ్డున, వంతెన కింద. నలభై ఏళ్ల కిందట తూర్పు తీరం నుంచి కూలికి వచ్చినవాళ్లు, పారేసిన సెంట్రింగ్ చెక్కలు ఏరుకుని అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. సర్కారు మూడుసార్లు కూల్చింది. మూడుసార్లూ ఆ చెక్కలే ఏరుకుని మళ్లీ కట్టుకున్నారు. అయినా అది ఊరని ఏ జాబితాలోనూ లేదు. జాబితాలో లేని ఊరివాళ్లకు నిధి రాదు. అందుకని లియావ్ మేడం సలహా మీద ఆ గడిలో హువాలియెన్ అని రాసి, పోయిన ఆదివారం ఆ తూర్పు తీరం దాకా రైల్లో పోయి, చుట్టాల ఊళ్లో, ఎనిమిది వందలకు అద్దె బట్టలు కట్టించి, తల్లిని సముద్రం ముందు నిలబెట్టింది నకావ్.

తిపుస్ దేనికీ కాదనలేదు. నడవమన్నచోట నడిచింది. కొర్ర కంకి పట్టుకోమంటే పట్టుకుంది. కూతురి చేతిలోంచి మేకులు పీకే కడ్డీ పోతుందంటే ఆమె గంతులు వెయ్యమన్నా వేసేది. చివర్లో గిన్నెలో బియ్యపు సారా పోసుకుని, వేలు ముంచి నేల మీద చిలకరించింది. పోయిన పెద్దల్ని పిలవడం అలాగే. అక్కడ వచ్చింది చిక్కు.

"ఏటి ఒడ్డు వాళ్లారా, నేను తిపుస్‌ని. వంతెన కింద మూడో ఇల్లు. తమ్ముడా ఒఫాద్, వరదలో పోయినవాడా, రా. కోలాస్, పదకొండో అంతస్తు నుంచి పడ్డ నా మొగుడా, నువ్వూ రా. ఈ బట్టలు నావి కావు, చూసి బెదిరిపోకు."

భోజనాల వేళ చెక్కల గుట్ట నీడలో తిపుస్ డబ్బా విప్పుతూ అడిగింది. "ఏమంటుందే ఆవిడ?"

నకావ్ చెప్పింది.

"దానిదేముంది, రాసేయ్. పోయినవాళ్లకి ఆ చైనా అక్షరాలొచ్చా, చదువుకున్నారా?"

"మరి ఆవేళ నువ్వే అనొచ్చుగా పంటలూ అవీ? అంతసేపూ చెప్పినట్టల్లా చేశావు."

"కమిటీ వాళ్లకైతే ఏమైనా చెప్తా. వేలు సారాలో ముంచాక ఎట్లా చెప్తానే? మనది కాని ఊళ్లో నిలబడి, ఇదే మా ఊరని పిలిస్తే మీ నాన్న ఎక్కడికని రావాలి?" తిపుస్ వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "నీ చేతులు ఇట్లా కాకూడదే పిల్లా. రాసేయ్. నేనేమీ అనుకోను."

నకావ్ ఫోన్ తీసి ఆ వాక్యాలు చెరిపేసింది. పంటలు బాగా పండాలని రాసి, ఒకసారి చూసుకుంది. తల్లి పెదవులు కోలాస్ అంటున్నాయి. కింద పంటలు అని పడుతోంది. నాన్న పోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్లు. ఆయన ఏ పొలంలోనూ ఏ పంటా పండించలేదు. ఊరందరికీ మేడలు కట్టాడు. కాంట్రాక్టరు శవపేటిక ఖర్చు మాత్రం ఇచ్చాడు. ఆ పేరు కూడా తుడిచేసేది తన వేలేనా? ఆమెకు కోపంతో కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

రాసింది కొట్టేసింది. తల్లి మాటలు ఒక్కొక్కటీ తిరిగి పెట్టింది. స్వగ్రామం గడిలో హువాలియెన్ తీసేసి, వంతెన కింద, మూడో ఇల్లు అని రాసి పంపేసింది.

కాసేపటికి చెక్కల మీద ఫోన్ మోగింది. లియావ్ మేడం. నకావ్ దాన్ని బోర్లా పెట్టి కడ్డీ అందుకుంది.

"పంపావా?" అంది తిపుస్.

"పంపానమ్మా."

"ఏమని?"

"మూడో ఇల్లని."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తిపుస్ వాచిన చేత్తో కూతురి ముందున్న చెక్కను తనవైపు లాక్కుంది.