కాశమ్మ వాత

యాలాల్‌లో కాశమ్మ పొట్ట మీది వాత గురించి వినని చెవి లేదు. చిన్నతనంలో చలిజ్వరాలొచ్చి కడుపులో బల్ల పెరిగితే, ఎడమ డొక్క కింద కొడవలి కాల్చి పెట్టారట. అంతే, మళ్లీ జ్వరం ఆమె గడప తొక్కలేదట.

ఊళ్లో గోడలకు డీడీటీ కొట్టిపోయిన ఏడాదే మనవరాలు మొగులమ్మకు చలిజ్వరం పట్టుకుంది, కడుపులో గడ్డ తేలింది. కొడుకు గొర్రెల మంద వెంట పోయాడు. కాశమ్మ కొడవలి తీసి పొయ్యిలో పెట్టింది. కోడలు జంగమ్మ పిల్లను చంకనెత్తుకుని వాకిట్లోకి నడిచింది.

"చీమ కుట్టినట్టే ఉంటదే. నేను బత్కలేదా?" అంది కాశమ్మ.

"ముందుగాల దవాఖానల చూపిద్దాం అత్తా. డాక్టరమ్మ వాతే మంచిదంటే పెడుదువు."

తన మాట ఆ డాక్టరమ్మ నోటనే అనిపిద్దామని కాశమ్మ కూడా తాండూరులో రైలెక్కింది.

వికారాబాద్ దవాఖానలో డాక్టర్ మార్త పిల్ల ఎడమ డొక్క నొక్కి చూసింది, ఏమీ తగల్లేదు. కుడివైపు నొక్కితే గడ్డ దొరికింది. గొట్టం పెట్టి గుండె విని నవ్వింది.

"తిల్లి, అదే ప్లీహం, అందరికీ ఎడమ దిక్కుంటది. చలిజ్వరానికి అది ఉబ్బితేనే మీరు బల్ల అంటరు. ఈ పిల్లకు తిల్లి, గుండె రెండూ కుడి దిక్కున్నయి. పుట్టుకతోనే కొందరికి గట్లుంటది, ఫికర్ లేదు. గోలీలకు జ్వరం పోతది, బల్ల గుంజుకపోతది."

"బల్ల యాడుంటే ఏంది? వాత ఎడమకే పెట్టాలె, నన్ను చూడు" అని కాశమ్మ మచ్చ చూపించింది. పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి.

మార్త ఆ మచ్చ తడిమింది. ఎందుకో గొట్టం ఆమె ఎడమ రొమ్ము మీద పెట్టింది, తర్వాత కుడివైపు పెట్టింది.

"అవ్వా, నువ్వూ నీ మనుమరాలి లెక్కనే. నీ గుండె కుడి దిక్కున్నది. వాత పెట్టిన కాడ తిల్లే లేదు."

"మరి నా జ్వరం?"

"అదంతల అదే పోయింది."

జంగమ్మ నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకుంది. కాశమ్మ దానికేసి గుడ్లురిమి చూసింది, కాసేపటికి తనకూ నవ్వొచ్చింది.

తిరుగు రైల్లో మొగులమ్మ అవ్వ ఒళ్లో పడుకుని మచ్చ మీద వేలు పెట్టింది.

"అవ్వా, నొచ్చిందా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. కాశమ్మ కళ్లు తుడుచుకుంది.

"మస్తు నొచ్చింది బిడ్డా. నలుగురు ఒత్తిపట్టిన్రు" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఇంటికి పోంగనే ఆ కొడవలి తీస్కపోయి గడ్డి కొయ్యే" అంది.