దుఃఖానికి తెచ్చిన వల

యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. ఒక్కో మాటకూ నాకు చాలాసేపు పడుతుంది. నా గురించి కూడా పోతమ్మ అనే రాశాను. ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగలేదు.

దాలయ్య ఇసుకలో కాళ్ళు చాపి కూర్చుని, వల అంచును బొటనవేలికి తగిలించి లాగిపట్టుకున్నాడు. నైలాన్ దారం కోసీ కోసీ ఆ వేలికి గాడి పడిపోయింది. మోకాళ్ళు మొరాయించి వేట మానుకున్నప్పటి నుంచీ పేటలో వలలన్నీ అతనే బాగుచేస్తున్నాడు. ఈ ఉదయం ఎడమచెయ్యి మొద్దుబారినట్టుంది. విదిలించి, మళ్ళీ ముడి వేశాడు.

“బావా, మీ తాతబాబు వల మేడలోకి ఎల్తందటగా!” పడవ దగ్గర నుంచి అర్జునరావు కేకేశాడు. “మనకి లేని యోగం వలకి పట్టిందిరా!”

“నువ్వూ ఎల్లి ఏలాడు. ఎవలైనా సూత్తారు.”

తాతబాబు దాలయ్య కొడుకు. ఆరేళ్ళ కిందటి తుఫానులో పడవ తిరగబడింది. చిరిగిన వల ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. వల ఎవరిదైతే వాళ్ళు మొదటి ముడి వేసి ఇస్తేనే దాలయ్య మిగతాది అల్లేవాడు. పేటలో అదే పద్ధతి. అందుకని ఆ ఒక్క చిరుగూ అలాగే ఉండిపోయింది.

“ఆడికి నీళ్ళొదిలేద్దామే, నాను పోయేలోగా” అని దాలయ్య ఎన్నిసార్లు అడిగినా అతని భార్య పోతమ్మది ఒకటే మాట.

“ఆడొచ్చి ముడేత్తాడు. నువ్వు ముట్టుకున్నావంటే నీకూ నాకూ సెల్లు.”

ఉక్కునగరం బడిలో బొమ్మలు నేర్పే నాగశ్రీ తన బొమ్మల ప్రదర్శనకు పాత వల కావాలని వచ్చినప్పుడు ఇచ్చింది కూడా పోతమ్మే. నలుగురూ చూస్తారు, కొడుకును ఎక్కడో చూసినవాళ్ళు ఒక్కరైనా అందులో ఉండకపోతారా అని ఆమె ఆశ.

మధ్యాహ్నం వల కట్టడానికి దాలయ్య బీచ్ రోడ్డులోని హాలుకు వెళ్ళాడు. అక్కడ ఒక్కో భావానికి ఒక్కో బొమ్మ. నీలం తాళ్ళతో పైకి లేచిన కెరటం కోపమట. ఇసుకలో పీతల బొరియలు భయమట. గాజుముక్కల మొగలిపొద ప్రేమట. నడిమధ్యన, పైకప్పు నుంచి సముద్రంలా పరచి కట్టించారు తాతబాబు వలను. చిరుగులోంచి దీపం వెలుగు నేల మీద పడింది.

“దీని కింద ఏటి రాసినావమ్మా?”

“దుఃఖం అని, బాబాయ్.”

ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ నోటితో అనని మాట. దాలయ్య ఆ అట్టముక్కకేసి చాలాసేపు చూశాడు. నాగశ్రీ భోజనానికి వెళ్ళగానే, వల అల్లే వెదురు సూది పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. కొడుకు వేయాల్సిన మొదటి ముడి తనే వేశాడు. వేశాక చేతులు ఆగలేదు.

తిరిగొచ్చిన నాగశ్రీ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అయ్యో, ఎంత పని చేశావ్ బాబాయ్! రేపే ప్రారంభం. ఆ చిరుగు కోసమే కదా ఈ వల!”

“తెలుసమ్మా. నువ్వు ఆ మాట సదివినాక ఇంక తెరిసి ఉంచలేకపోయినాను.” మెల్లగా నిచ్చెన దిగాడు. ముఖం నిండా చెమట. “ఒక్క కన్ను అల్లకుండా ఉంచినాను. అది ఆళ్ళమ్మ ఏత్తాది. పోతిని పిలిపించమ్మా.”

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాగశ్రీ మంచినీళ్ళు తెచ్చేసరికి తల పక్కకి వాలి ఉంది, ఊపిరి లేదు.

పోతమ్మ వచ్చింది. భర్త పక్కన కూలబడింది, కొంగుతో ఆ చెమట తుడిచింది. తలెత్తి వలను చూసింది.

“తెంపేయమంటావా అమ్మా? మళ్ళీ ఎలా ఉన్నది అలాగే చేయిస్తాను” అంది నాగశ్రీ ఏడుస్తూ.

పోతమ్మ అడ్డంగా తలూపింది. నిచ్చెన దగ్గరకు వెళ్ళి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తీసేసింది.

“ఇయాల ఈ ఒక్కడికే ఏడవనీ” అంది.

పైన, అల్లకుండా మిగిలిన ఆ ఒక్క కంటి దగ్గర, దారం తెంపని వెదురు సూది ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతోంది.

— మైలపల్లి పోతమ్మ, అరవై ఏళ్ళు. ఇప్పుడు దువ్వాడలో, కూతురు దేవి ఇంట్లో ఉంటున్నాను.