దీవెనమ్మ దాటవేసిన పుటలు

రోహిణీకార్తె యెండకు కృష్ణాతీర సైకతస్థలములు పెనములవలె కాగుచుండ ప్రవాహగర్వమంతయు నుడిగిన నది యొకానొక సన్నని పాయగా మిగిలి యావలి గట్టు నంటి మెల్లమెల్లగా నీడ్చుకొని పోవుచుండ వడగాలికి వాడిన వేపకొమ్మలయందు కాకియైనను నోరు మెదపని యపరాహ్ణవేళ యది. ఆ యేటిగట్టున మిషనువారు కట్టించిన స్త్రీల యాసుపత్రిలో కిటికీలకు గట్టిన వట్టివేళ్ల తడికలు తడిపిన కొంతసేపటికే యెండి పరిమళము గోల్పోవుచుండెను. రోగపీడితలైన స్త్రీలు నిద్రయు మెలకువయు గాని యవస్థలో మంచములపై బడియుండిరి.

ఆ మంచముల నడుమ ముక్కాలిపీటపై గూర్చుండి క్రైస్తవ భక్తిగ్రంథములను చదివి వినిపించుట దీవెనమ్మకు పదుమూడేండ్లుగా నిత్యకృత్యము. యౌవనమునందే వైధవ్యదుఃఖము పాలైన యామెకు నొకప్పు డా గ్రంథములే యన్నపానములై యుండెను. భక్తుల కష్టచరిత్రములు చదువునప్పుడెల్ల తన కష్టము తేలికపడినట్లు తోచి పుటమీదనే కన్నీరు రాల్చి యా తడిని పయ్యెదకొంగుతో నొత్తెడిది. కాని రెండేండ్ల క్రిందట పండ్రెండేండ్ల యేకైకపుత్రిక కెజీయా సన్నిపాతజ్వరపీడితయై తల్లి యిరువదియొక్క దినములు చేసిన ప్రార్థనలన్నియు నిష్ఫలములు గాగా నా గదిలోనే కిటికీప్రక్క మంచముమీద కన్నుమూసిన నాటినుండి యా పుస్తకములయం దక్షరములు మాత్రమే మిగిలెను. కంఠము పూర్వమువలెనే మధురముగ నుండెను. వినువారు తలలూచుచు నోదార్పు బొందుచుండిరి. చదువునామె మాత్రము లోలోపల నలసిపోయెను.

ఆ గ్రంథములలో నొకదానియందు వ్యాధిగ్రస్తయైన కుమార్తెకొఱకు ప్రార్థించి యామెను మరల బొందిన యొక తల్లి వృత్తాంతము గలదు. ఆ ప్రకరణము రాగానే దీవెనమ్మ వ్రేలు జొనిపి యా పుటలను దాటవేసి తరువాతి కథ నందుకొనుచుండెను. రెండేండ్లలో నా సంగతి గనిపెట్టినవారు లేరు.

నాడు వినుచుండినవారిలో నేతపల్లెనుండి వచ్చిన నాంచారమ్మ యొకతె. కడుపులోని గడ్డకు మఱునాడు శస్త్రచికిత్స జరుగవలసియుండుటచే భయవిహ్వలయై యున్న యామె యక్షరము లెఱుగనిదే యైనను మగ్గముపై తెగిన పోగును దూరమునుండియే పసిగట్టుట కలవాటుపడిన కన్నులు గలది.

"అక్కా, ఆకులన్నీ ఒక్కసారే తిప్పావేం?" అని యామె యడిగెను.

"పాత పుస్తకం గదమ్మా, అంటుకుపోయినయ్."

"అంటుకోలా. వేలు పెట్టి మరీ తిప్పావు. రేపు నా కడుపు కోస్తారు. నా దగ్గర దాచాల్సిన మాటేముందందులో?"

దీవెనమ్మ "నీ దగ్గర కాదమ్మా, నా దగ్గరే దాచుకున్నా," నని పుటలు వెనుకకు ద్రిప్పి చదువ నారంభించెను. జ్వరము దిగి బిడ్డ కన్నులు తెఱచి తల్లిని బిలిచిన ఘట్టమున నామె పంక్తి వెంట వ్రేలుంచి యొక్కొక్క మాటగా చదివెను. ఎట్లో ముగించెను.

"ఇది జరిగిందేనా అక్కా?" అని నాంచారమ్మ యామె ముఖమునే చూచుచు నడిగెను.

పదుమూడేండ్లుగా నిట్టి ప్రశ్నకు "జరిగిందే, నమ్మమ్మా" యని యామె నిస్సంశయముగ బదులు చెప్పుచు వచ్చినది. ఇప్పు డౌనన్న తాను బొంకినట్లగును. కాదన్న రేపు కత్తిక్రింద పరుండబోవు నాడుదాని గుండె చెదరును. ఈ రెంటి నడుమ నలిగి నలిగి తుదకు నిట్లనెను. "ఆ తల్లికి జరిగే ఉంటుంది. నాకు జరగలేదు. ఆ కిటికీ పక్క మంచం మీదే నా కూతురు పోయింది."

"మరి ఇన్నాళ్లబట్టీ ఇయ్యన్నీ ఎట్లా చదువుతున్నావక్కా?"

"ఇది కూడా మానేస్తే దేవుడికీ నాకూ మాటే ఉండదని."

నాంచారమ్మ చేయి చాచి యామె మోకాలిపై నుంచి, "పుస్తకం మూసెయ్. ఆ పిల్ల ఎట్లా ఉండేదో చెప్పు," మనెను.

ఎవ్వరు నడుగనందున నెవ్వరికిని చెప్పని కథ యది. కెజీయా కీర్తనలన్నిటిని నొక్క రాగముననే పాడెడిదనియు జడ వేయునప్పుడు నిలువక గంతులిడెడిదనియు చింతచిగురన్న ప్రాణము పెట్టెడిదనియు దీవెనమ్మ చెప్పుచు చెప్పుచు నొకచోట నవ్వెను. ప్రొద్దు వ్రాలువఱకు చెప్పుచునే యుండెను.

నాంచారమ్మ శస్త్రచికిత్సకు దట్టుకొని బ్రదికెను. పదునాఱవనాడు భర్త తెచ్చిన బండి యెక్కి పల్లెకు మరలిపోయెను. ఆమె తన వేల్పును విడువలేదు. దీవెనమ్మయు విడువుమని చెప్పలేదు.

అది మొదలు దీవెనమ్మ యే పుటను దాటవేయక చదువుచు జరిగినదా యని యడిగినవారికి రెండు కథలును జెప్పుచుండెను. పూర్వపు విశ్వాసము పూర్వరూపమున మరలివచ్చెనని చెప్పరాదు. బండి కనుమఱుగైన యా సాయంకాలమున మాత్ర మామె యాసుపత్రి మెట్లపై గూలబడి మోకాళ్లపై తల వాల్చి, "అలిసిపోయాను తండ్రీ," యనెను. రెండేండ్లుగా గ్రంథస్థవాక్యములతోనే దేవుని సంబోధించుచుండిన యా స్త్రీ తన సొంతమాటగా నాతనితో బలికిన దిదియే మొదలు. ప్రత్యుత్తర మేదియు వినరాలేదు. అయినను వెంటనే లేచిపోక యెవరితోడనో కలిసి కూర్చున్నట్లు చీకటి పడువఱకు నచ్చటనే యుండెను.